నేను కల్వాన్ని

బీదర్ కోట గోడల ఎర్రరాయితో కల్వం చెయ్యలేరు. దాని ఒళ్లంతా చిల్లులే. నూరిన మందు సగం అందులోనే ఇంకిపోతుంది. ఆ ఎర్రరాతి పొరకు అడుగున గట్టి నల్లరాయి ఉంటుంది. నేను ఆ నల్లరాయిని. పడవలా తొలిచి, లోపలంతా నునుపు తేల్చి, నూరే గుండు ఒకటి జోడించి నన్ను ఓ నాటువైద్యుడి ఇంటికి చేర్చారు. ఆయనే మా పెద్దాయన.

ఈ ఊళ్లో వైద్యం నాకంటే చాలా పాతది. పదిహేనో శతాబ్దంలో బహమనీ సుల్తాను అలాఉద్దీన్ అహ్మద్ షా ఇక్కడ పెద్ద దవాఖానా కట్టించాడు. రోగుల తిండికీ మందులకూ గ్రామాల ఆదాయం రాసిచ్చి, హిందూ వైద్యులనూ ముస్లిం హకీములనూ అందులో నియమించాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా కదా, మా అరుగు మీద తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ అన్నీ వినిపించేవి.

నా లోపల ఎక్కువగా నలిగింది అడ్డసరం ఆకు. పచ్చి ఆకును ఊరికే పిండితే రసం సరిగా దిగదు. మెత్తగా నూరి, ముద్ద చేసి, ఆకుల్లో చుట్టి, పైన మట్టి మెత్తి నిప్పుల్లో కాల్చి అప్పుడు పిండాలి. పుటపాకం అంటారు. ఆ రసంలో తేనె కలిపి మా పెద్దాయన దగ్గుకూ ఆయాసానికీ ఇచ్చేవాడు. ఆడవాళ్లు వస్తే ముందుగా ఒక మాట అడిగేవాడు: "కడుపుతో ఉన్నావా తల్లీ?" ఔనంటే ఇచ్చేవాడు కాదు. గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఆ ఆకులో ఉందని ప్రయోగశాలలు కూడా తేల్చాయి.

1888లో హూపర్ అనే రసాయనవేత్త ఆ ఆకు నుంచి వాసిసిన్ అనే పదార్థాన్ని విడదీశాడు. దాని నిర్మాణం ఆధారంగా తయారైనదే బ్రోమ్‌హెక్సిన్. అది ఒంట్లోకి వెళ్లాక ఏర్పడే ఆంబ్రాక్సాల్ కూడా మందైంది. మందులషాపులో కఫం కరిగించే సిరప్పుల సీసాలు తిప్పి చూడండి, చాలావాటి మీద ఈ పేర్లు కనిపిస్తాయి. ప్రతి చెంచాలో ఒకే బలం ఉండడం గొప్ప సంగతి, అది నావల్ల కాదు. నా దగ్గరికొచ్చే ఆకు బలం నేలను బట్టి, వానను బట్టి మారుతుంది. కానీ ఏ ఆకు ఏ జబ్బుకు పనికొస్తుందో మొదట చూపించింది కల్వం ముందు కూర్చున్నవాళ్లే. ఆ ఋణం కాగితం మీద ఉండాలి.

పసుపు గాయం మాన్పుతుందన్న సంగతికి అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చేశారు. మన పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించాల్సి వచ్చింది. గ్రంథంలో ఉన్నదానికి సాక్ష్యం దొరికింది. మా పెద్దాయన నోట్లోనే ఉండిపోయినదానికి ఎవరు సాక్ష్యం? అందుకే గుల్బర్గా విశ్వవిద్యాలయ పరిశోధకులు బీదర్ జిల్లాలో చర్మవ్యాధులకు వాడే మొక్కల వివరాలు సేకరించి 2008లో ప్రచురించడం నాకు ఎంతో విలువైన పనిగా అనిపిస్తుంది. ఇలాంటి జ్ఞానంతో వ్యాపారం చేసేవాళ్లు లాభంలో వాటా పంచాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతోంది. ఆ వాటా అడగాలన్నా ముందు రాత ఉండాలి.

ఇంకో బాధ ఉంది. అశోక చెక్క అని చెప్పి ఒక వ్యాపారి నరమామిడి చెక్క అంటగట్టాడు. ఎంత నూరినా అది అశోక కాదు. మందుచెట్లు తరిగేకొద్దీ ఈ కల్తీ పెరుగుతుంది. సర్పగంధి సంగతే చూడండి. దాని వేరు నుంచి 1952లో రిసర్పిన్ తీసి రక్తపోటుకు వాడారు. గిరాకీ పెరిగి అడవుల్లో తవ్వేశారు. ఇప్పుడు దాని అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టారు. వేరు తవ్వితే మొక్క పోతుంది. అడ్డసరం అలా కాదు, ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, మేకలు ముట్టవు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది.

బీదర్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో దేవ దేవ వనం ఉంది. అటవీశాఖ అక్కడ ఔషధ మొక్కలు పెంచుతోంది, పిల్లలకు చూపించండి. వచ్చే తొలకరికి మీ కంచె వెంట ఓ అడ్డసరం కొమ్మ నాటండి. మీ ఊరి వైద్యుడు బతికుండగానే ఆయన చెప్పేది ఆయన పేరుతో సహా రాసిపెట్టండి. రెండు వారాలు దాటిన దగ్గుకు మాత్రం కషాయాలతో కాలం గడపకండి, క్షయ పరీక్ష చేయించుకోండి. మా పెద్దాయన కూడా అలాంటివాళ్లను సర్కారు దవాఖానాకే పంపేవాడు.