నామీద దొర్లిన వీపులు

నేను గొంగడిని. పాలమూరు సీమలో ఒక కురుమవారి యింట, నల్లగొఱ్ఱెల ఉన్నిని ఆడువారు రాట్నమున వడకగా, మగవారు గుంటమగ్గమున నేయగా, చింతగింజల గంజి పీల్చి బిఱుసెక్కి లోకమునకు వచ్చితిని. మట్టిపనికి పట్టణములు తిరుగు కూలి యొకడు నన్ను కొని, పురుటికై పుట్టింట నున్న భార్యను చూడబోవుచు, నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతమందలి అత్తవారింటికి తెచ్చెను. నాటినుండి ఆ యింటి మూడు తరముల వీపులును నాపైననే వ్రాలినవి.

ఐదవ నెలలో పసివాడు బోర్లపడినపుడు ఇంటివారు తీపి వండుకొనిరి. వారు చూచినది ఫలమును మాత్రమే, క్రమమును ఎఱిగినది నేను. మొదట తల్లి గాజుల చప్పుడు దెసకు కన్నులు మరలెను, కన్నుల వెంట తల, తల వెంట భుజము, పిదప ప్రక్కటెముకలు, కట్టకడపట కటి. వెన్నుపూస వెంట వెన్నుపూసగా ఆ మెలిక దిగివచ్చి శిశువును తిరుగవేసెను. ఇది వానికి నేర్పిన గురు వెవరు?

వాని తండ్రి మాత్రము ఆ విద్యను మఱచెను. కాంక్రీటు తట్టలు మోసి మోసి నడుము పట్టగా ఇంటికి చేరిన యతడు, ఊపిరి బిగబట్టి, దేహమంతయు దుంగవలె బిగించి, ఒక్క కుదుపుతో ప్రక్కకు తిరుగుచుండెను. అంగడిలో కొన్న బెల్టును రాత్రియు విప్పడు. ఊరికి వచ్చిన ఫిజియోథెరపిస్టు అతని వెన్నుప్రక్క వ్రేళ్లానించి, నొప్పిగల వైపున మల్టిఫిడస్ అను లోతుకండరము సన్నగిల్లినదని చెప్పెను. ఆరోగ్యవంతుడు చేయి ఎత్తకముందే పొట్టలోని అడ్డుకండరము మేల్కొనుననియు, నడుమునొప్పి గలవానికి అది ఆలస్యమగుననియు ఆస్ట్రేలియా పరిశోధకులు 1996లో ప్రకటించిరట. నొప్పి తగ్గినంతమాత్రమున మల్టిఫిడస్ తనంతట కోలుకొనదని తెలిపిన పరిశోధనయు ఆ యేటిదే. నాకిది వింత గాలేదు. పడుగు ఎంత బిగిసినను, పేక అడుగడుగున పట్టి యుంచనిదే నేను కంబళిని గాజాలను. వీపున పైపై నుండు పొడుగుకండరములు పడుగు, కొద్ది పూసలను మాత్రమే కలుపు ఆ మల్టిఫిడస్ చిన్న పోగులు పేక.

ఆ ఫిజియోథెరపిస్టు అతనిని వెల్లకిల పరుండజేసి, పొత్తికడుపును మెల్లగా లోనికి తీయించి, కాళ్లతో తన్నక, ఒక్క చేతిని ఛాతీమీదుగా చాచి, చూపును దానివెంట పోనిచ్చి దొర్లుమనెను. మూటలు మోసిన ఆ మొనగానికి పసివాని పని చేతగాలేదు! నాలుగు దినముల పిదప గాని కటి కదలలేదు.

ఇదంతయు చూచుచున్న ముసలి అత్తకు తానును దొర్లవలెనని ముచ్చట పుట్టెను. "అవ్వా, ఊపిరి పట్టకు, సూపు చెయ్యి ఎంబడి పోనియ్యి" అని ఫిజియోథెరపిస్టు అనగా, "చెయ్యి పోతున్నది బిడ్డా, నడుము ఇంటలేదు" అనెను అవ్వ. వినదు. బాల్యము నుండి త్రాగిన బావినీటి ఫ్లోరైడు ఆమె వెన్ను సంధిబంధనములను సున్నమువలె గట్టిపఱచి, పూసలన్నిటిని ఏకదండముగా అతికించెను. ఈ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి సిద్దీకీ అను వైద్యుడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను, త్రాగునీట లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదను లవణమా ఫ్లోరైడు. పటికయు సున్నమును వేసి ఆ నీటిని తేర్చు పద్ధతికి నాగపురపు నీరీ పరిశోధనసంస్థ వారు 'నల్లగొండ విధాన' మని పేరిడిరి. రోగమునకును చికిత్సకును ఒక్క ఊరే ఖ్యాతి గాంచుట ఎట్టి గౌరవమో! బిగువే స్థైర్యమగునేని, ఆ యవ్వ వెన్నును మించిన స్థిరమైనది లోకమున లేదు. కాని ఎవరైనను ఊతమీయనిదే ఆమె ప్రక్క మీదికి ఒరుగలేదు.

ఫిజియోథెరపిస్టు వెంటనే ఆ ప్రయత్నము మాన్పించెను. అతికిన ఎముకను వ్యాయామము విడదీయదనియు, బలవంతము చేసిన హాని గలదనియు చెప్పి, కూతురిచేత భుజమును తుంటిని ఒక్కసారిగా పట్టించి, మెలిక పడకుండ దేహమును ఏకఖండముగా త్రిప్పు పద్ధతి నేర్పెను. అల్లునికి కూడదన్న దుంగ దొర్లింపే అత్తకు తగినదయ్యెను.

ఇప్పుడు అవ్వకు ఉదయమున ఒక ఉద్యోగము కలదు. అల్లునితో నేరుగ మాటాడుట మర్యాద గాదు గావున, అతడు నాపై దొర్లుచుండగా, మొగము గోడవైపు నుంచియే కూతును కేక వేయును: "బిడ్డా, అల్లునికి చెప్పు, మల్ల ఊపిరి బిగవట్టిండు!"