నా కింద ఏముంది? – ఒక నాపబండ ఆత్మకథ

నేను బేతంచెర్ల నాపబండను. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు మడ్డి పొర మీద పొర పేరుకుని గట్టిపడితే పుట్టాను. భూగర్భ శాస్త్రవేత్తలు నా జాతిని నార్జి సున్నపురాయి అంటారు. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు ఏర్పడింది ఈ రాతిలోనే. వాననీటిలో కలిసి ఆమ్లంగా మారిన కాస్త కార్బన్ డయాక్సైడు యుగాల తరబడి తొలిచిన గుహలవి. ఆమ్లానికీ మాకూ పడదని దాన్నిబట్టే తెలుస్తుంది. ఉలి పెట్టి కొడితే పొర వెంట పలకలుగా లేచి వస్తాం. సీమ ఇళ్లలో నేలకూ అరుగుకూ మిద్దెకూ మావాళ్లే. తాతల నాటి ఇళ్లలో ఇప్పటికీ కదలకుండా ఉన్నారు.

నన్ను మాత్రం కర్నూలులో ఒక కొత్తింటికి తెచ్చారు, గేటు నుంచి ఇంటి గోడ వెంట గుమ్మం దాకా నడిచే దారి వేయడానికి. ఇంటాయన రిటైరైన ఉపాధ్యాయుడు. కాంట్రాక్టరుతో చదరపు అడుగుకు ఇంతని మాట్లాడుకున్నారు. గంటసేపు బేరమాడి రేటు తగ్గించారు. ఆ బేరంలో నా పొడవూ వెడల్పూ నునుపూ అన్నీ వచ్చాయి. నా కింద ఎంత లోతు తవ్వాలి, ఏం పోయాలి అన్నది ఎవరి నోటా రాలేదు, కాగితం మీదికీ ఎక్కలేదు. తగ్గించిన రూపాయలన్నీ ఆ లోతులోంచే పోయాయి.

పునాది పక్కన పూడ్చిన మట్టి గుల్లగా ఉంటుంది. పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. పైన 4 అంగుళాల కాంక్రీటు పోసి, దాని మీద మాలు నిండుగా పరిచి మమ్మల్ని కూర్చోబెట్టాలి. ముసలి మేస్త్రి ఒకాయన ఆ మాటే అన్నాడు. "దిమ్మిస కొట్టందే బండ నిలవదు సార్." "ఈ రేటుకు ఇంతే, కానియ్" అన్నాడు కాంట్రాక్టరు. మట్టి మీద క్రషర్ డస్టు చల్లి, నాలుగు మూలలా నడుమా వడియాలు పెట్టినట్టు ఒక్కో మాలు ముద్ద వేసి నన్ను వాటి మీద పెట్టారు. మిగతాదంతా డొల్ల.

ఇంటావిడ చెంబు అంచుతో నా మీద కొట్టి చూసింది. "నాయనా, కింద గుల్లగా ఉంది, మోత వేరేగా వస్తోంది."

"ఏం కాదమ్మా, ఆరితే అదే పట్టుకుంటుంది. మాది గ్యారంటీ పని."

"వాళ్లకు తెలీదా? నువ్వూరుకో. ముహూర్తం దగ్గరపడింది" అన్నాడు ఇంటాయన.

ఆమె ఊరుకుంది. నాకు ఈనాటికీ ఆరని బాధ అదే. మాలు పచ్చిగా ఉంది. ఆ గంటలో నన్నొక్కదాన్ని ఎత్తి చూస్తే ఖర్చేమీ లేకుండా తెలిసిపోయేది, తప్పు దిద్దుకునే వీలుండేది. ఒక బకెట్ నీళ్లు పోసి చూసినా వాటం సంగతి బయటపడేది. 5 అడుగులకు ఒక అంగుళమైనా గోడకు అవతలివైపు వాలాల్సినదాన్ని, గోడవైపే వాలి ఉన్నాను. రసమట్టం దారి పొడవునా పెట్టారు గానీ అడ్డంగా పెట్టలేదు.

చివరిరోజు సిమెంటు మరకలు పోవాలని నా మీద యాసిడ్ పోశారు. బుసబుసమని నురగ వచ్చింది. మురికి పోతోందని అందరూ సంతోషించారు. కరిగి పొంగింది మురికి కాదు, నా ఒళ్లు. మాలు ఆరకముందే తడి గోనెతో తుడిస్తే సరిపోయేది. గని నుంచి తెచ్చుకున్న నీలి మెరుపంతా పోయి తెల్లగా పాలిపోయాను. ఆ సాయంత్రమే కాంట్రాక్టరుకు డబ్బంతా ఇచ్చేశారు.

తొలి వానలకే మట్టి కుంగింది. గోడ వారన నీళ్లు నిలిచాయి. స్కూటర్ ఎక్కినప్పుడు నా మూల విరిగింది. ఫోన్ చేస్తే "వానలు తగ్గనీండి సార్" అన్నాడు. తగ్గాక ఫోనే ఎత్తలేదు. ఇంకా రావాల్సిన డబ్బు లేనప్పుడు అతను దేనికి వస్తాడు? కొన్నాళ్లు ఊగుతూ, నడిచేవాళ్ల కాళ్ల మీద బురద చిమ్ముతూ పడి ఉన్నాను. మనవడు తట్టుకుని మోకాలు చీరుకున్నాక గడ్డపారతో పెకలించి ప్రహరీ పక్కన పడేశారు. ఒక ముక్కను మురుగుకాలువ మీద మూతగా వేశారు. రెండో ముక్క మీద రంగు డబ్బాలు పెట్టారు, పాత చెప్పులు ఆరేశారు. అదంతా భరించాను. వచ్చినవాళ్లతో "ఈ బండలు మంచివి కావు" అంటుంటే మాత్రం తట్టుకోలేకపోయాను. యుగాలపాటు భూమి బరువు మోసినదాన్ని. నేను విరిగింది కింద ఏమీ లేకనే.

ఈ మధ్య కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. ఈసారి ఇంటావిడే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎంత లోతు తవ్వుతారు, దిమ్మిస ఎన్నిసార్లు, కాంక్రీటు ఎంత మందం, వాటం ఎటు, యాసిడ్ వాడకూడదు – అన్నీ రాయించింది. ఏ పొర కప్పేముందైనా తనను పిలవాలంది. పదో వంతు డబ్బు ఒక వానాకాలం దాటాకే ఇస్తానంది. అతను నసిగాడు. "రేటు తగ్గించమని నేను అడగను నాయనా. నువ్వు లోతు తగ్గించొద్దు" అంది. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

విరగని నా తోటివాళ్లను మళ్లీ పరుస్తారట. నా ముక్కల్ని మాత్రం సమ్మెటతో పగలగొట్టి అడుగున కంకరలో కలుపుతారట. కలపండి. నా మీద కూడా నీళ్లు చల్లి, దిమ్మిస గట్టిగా కొట్టి, అమ్మ వచ్చి చూశాకే కాంక్రీటు పోయండి.