తాటిదోనె పద్యం – టీకా తాత్పర్య సహితం

అవతారిక

నగరానికో నది, నదికో సాయంకాలపు పడవ, పడవలో సూర్యాస్తమయం చూసే జనం: లోకంలో ఇది స్థిరపడిపోయిన మర్యాద. పనజీలో మాండవి మీద పాటలూ డాన్సులతో ఈ వ్రతం నడుస్తుంది. బ్యాంకాక్‌లో చావ్ ఫ్రయా మీద భోజనంతో సహా నడుస్తుంది. మన విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం చుట్టుపట్ల నడుస్తుంది. మరి విశాఖపట్నం సంగతి?

మొదటి చిక్కు ఇక్కడే. విశాఖకు పడవ వేసుకోదగిన నది లేదు. గోస్తనీ పైన భీమిలి దగ్గరా, శారద కింద రాంబిల్లి వైపూ సముద్రంలో కలిసిపోతాయి. నడుమ మిగిలినవి గెడ్డలు. గోదావరి, కృష్ణ ఊళ్ళోనే ఉన్నాయని ఉక్కు కర్మాగారం వాళ్ళు అంటే కాదనలేం. అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు పేరు గోదావరి, రెండోదాని పేరు కృష్ణ. అయితే వాటిలో పారేది కరిగిన ఇనుము కనుక విహారానికి పనికిరాదు.

సముద్రం లేదా అని పూర్వపక్షం. ఉంది. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ నౌక విశాఖ నుంచి ప్రయాణికులతో పుదుచ్చేరి, చెన్నైల వైపు బయల్దేరింది. 2023 సెప్టెంబరులో పోర్టులో క్రూయిజ్ టెర్మినల్‌కు ప్రారంభోత్సవమూ జరిగింది. కానీ అవి సూట్‌కేసులు సర్దుకుని వెళ్ళే ప్రయాణాలు. మధ్యాహ్నం బుద్ధి పుడితే రాత్రికల్లా తిరిగొచ్చే విహారం కావాలంటే అచ్యుతాపురం దారి పట్టాలి. ఆ మండలంలోనే కొండకర్ల ఆవ ఉంది. మంచినీటి సరస్సు, చుట్టూ కొండలు, నీటి మీద తామరాకులు, చలికాలంలో వలస పక్షులు. ఓడకు బదులు తాటిదోనె.

ఈ విహారం మీద ఒక పద్యముంది. ఏ తాళపత్రంలోనూ దొరకదు, ఏ ప్రాచ్యలిఖిత భాండాగారంలోనూ లేదు. ఉన్నది ఈ పేజీలోనే. అయినా పద్యమంటూ ఉన్నాక టీక ఉండాలి కనుక మొదలుపెడుతున్నాం.

మూలం

ఆ. తాటిదోనె జంట తరలె నావనడుమ
సెల్లు లెత్తి నిలిచెఁ జెలులు సఖులు
కొండచాటు కేగి గుట్టుగ రవి నవ్వె
గెడలవాఁడు చూచెఁ గిమ్మనకయె

ప్రతిపదార్థం

తాటిదోనె జంట = తాడిమాను తొలిచి చేసిన రెండు దోనెల కూర్పు; ఆవ నడుమన్ = సరస్సు మధ్య; తరలెన్ = కదిలెను; చెలులు = స్నేహితురాండ్రు; సఖులు = వారి వెంట వచ్చినవారు; సెల్లులు = అరచేతి యంత్రములు; ఎత్తి = నుదుటి ఎత్తుకు లేపి; నిలిచెన్ = (వివాదాస్పదం, కింద చూడుడు); రవి = సూర్యుడు; కొండచాటునకున్ = కొండ మరుగునకు; ఏగి = వెళ్ళి; గుట్టుగన్ = ఎవరికీ తెలియకుండ; నవ్వెన్ = నవ్వెను; గెడలవాఁడు = వెదురుగెడతో దోనె నడుపువాడు; కిమ్మనకయె = మారు పలుకకయే; చూచెన్ = చూచెను.

ఛందస్సు ఆటవెలది. కవి ఉత్పలమాల జోలికి పోకపోవడం మంచిదయింది. దోనెలో ఎక్కేవాళ్ళు నలుగురైదుగురు. అంత బరువైన వృత్తాన్ని కూడా ఎక్కిస్తే అంచు నీళ్ళకు తగులుతుంది.

విశేషాలు

తాటిదోనె జంట: ఈ రెండు మాటల్లో పెద్ద శాస్త్రం ఇమిడి ఉంది. తాడిచెట్టు కలప తీరు టేకుకూ మామిడికీ పూర్తిగా తలకిందులు. ఆ చెట్లలో నడిమి చేవ గట్టిది, పైభాగం మెత్తన. తాడిలో పైపొర ఇనుములా ఉంటుంది, లోపలంతా పీచు, మెత్తటి గుజ్జు. కాబట్టి ముదురు మాను కొట్టి, లోపల తొలిచేస్తే, గట్టి పెంకు తనంతట తానే పడవ ఆకారంలో మిగులుతుంది. పలకలు కోసి మేకులు కొట్టే పని లేదు. మొదలు దగ్గర లావుగా ఉబ్బి ఉంటుంది కనుక ఆ వైపు వెడల్పు.

దీనికో దోషముంది. అడుగు గుండ్రం, వెడల్పు తక్కువ. ఒంటి దోనెలో ఎవరైనా పక్కకు వంగి తామరపువ్వు కోయబోతే పువ్వుతోపాటు తామూ నీళ్ళలో ఉంటారు. అందుకు ఆవ మీది బెస్తలు రెండు దోనెలను పక్కపక్కన చేర్చి, అడ్డంగా కర్రలు వేసి కట్టేస్తారు. ఒకటి ఒరగబోతే రెండోది ఆపుతుంది. పక్కపక్కన రెండు పొట్టలతో కట్టే నవీన నౌకల సూత్రమూ ఇదే. కవి 'జంట' అన్నది అలంకారం కోసం కాదు, ప్రాణరక్షణ కోసం.

తరలె నావనడుమ: ఇక్కడ పండితులు రెండు పక్షాలు. 'తరలెన్ + ఆవ నడుమ' అని విరిస్తే దోనె సరస్సు మధ్యకు వెళ్ళిందని అర్థం. 'తరలె + నావ నడుమ' అని విరిస్తే నావ మధ్యలో ఏదో కదిలిందని అర్థం. మొదటివారిని ఆవవాదులనీ రెండోవారిని నావవాదులనీ అందాం. నావవాదుల వాదన: విహారమన్నాక నావ ఉండాలి, టూరిజమన్నాక నావ బొమ్మ ఉండాలి, పద్యంలో నావ లేకపోతే లోటు. ఆవవాదుల సమాధానం: అచ్యుతాపురం వెళ్ళి చూడండి. అక్కడ మొదటినుంచీ ఉన్నది ఆవ, మీద తేలేది దోనె. నావ పట్నపువాళ్ళ కోరిక. ఈ టీకాకారుడు ఆవవాది. ఎక్కబోయే ముందు కాలు పెట్టి చూసుకున్నవాడెవడైనా ఆవవాదే అవుతాడు.

సెల్లు లెత్తి నిలిచెఁ జెలులు సఖులు: వైయాకరణులు మండిపడే చోటు ఇదే. చెలులు, సఖులు మనుషులు. బహువచనంలో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ 'నిలిచిరి' అనాలి. 'నిలిచెను' అన్నది చెట్లకూ రాళ్ళకూ పశువులకూ వాడే క్రియ, అంటే అమహత్తులకు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చువేయించి ఇంత స్పష్టంగా చెప్పాక కూడా కవి ఇలా రాయవచ్చునా?

రాయవచ్చు. క్రమం చూడండి. 'సెల్లులెత్తి' అనే అసమాపక క్రియ ముందుంది, 'నిలిచె' తరువాత వచ్చింది. సెల్లు ఎత్తకముందు వారు మహత్తులే. ఎత్తిన ఉత్తరక్షణంలో కదలరు, పలకరు, పక్కవాడు పిలిచినా వినరు. అప్పటికి వారు ఏ వర్గంలో చేరారో కవి క్రియతో చెప్పాడు. ఇది వ్యాకరణ దోషం కాదు, వ్యాకరణం ద్వారా చేసిన పరిశీలన.

ఇంకో ఆక్షేపం బరువైనది. దోనెలో నిలబడటమా? గెడలవాడు మొదట చెప్పేదే ఇది: "కూకోండి బాబూ, లెగకండి, ఒరిగిపోద్ది." కాబట్టి 'నిలిచె' అంటే లేచి నిలబడ్డారని కాదు, ఉన్నచోటే బిగుసుకుపోయారని చెప్పుకోవాలి. వేరే అర్థం చెప్పే వ్యాఖ్యాత పాఠకుల ప్రాణాల మీదికి తెస్తున్నాడు. నవ్వుతాలు కాదు. 2017 నవంబర్ 12న విజయవాడకు ఎగువన కృష్ణలోనూ, 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలోనూ పడవలు మునిగాయి. వెళ్ళినవాళ్ళు విహారానికే వెళ్ళారు. మూలంలో లైఫ్ జాకెట్ ప్రస్తావన లేకపోవడం కవి చేసిన ఒకే ఒక్క క్షమించరాని లోపం. యతి కుదరలేదంటే వినం. ఇవ్వకపోతే అడిగి తొడుక్కోవాలి, బెల్టు బిగించాలి. ఒళ్ళో పెట్టుకున్న జాకెట్ దిండుగానే పనికొస్తుంది.

కొండచాటు కేగి: సముద్రతీరపు కవి సూర్యుణ్ణి సముద్రంలో ముంచకుండా కొండ వెనక్కి ఎందుకు పంపాడు? ఎందుకంటే అది తూర్పుతీరం. విశాఖలో సముద్రం నుంచి పుట్టే సూర్యుణ్ణి ఉచితంగా చూడవచ్చు, తెల్లవారుజామున లేవగలిగితే. లేవలేనివాళ్ళు సాయంత్రం బీచ్‌కెళ్ళి, సముద్రం కేసి చూస్తూ, సూర్యుడు తమ వీపు వెనక కనుమల్లోకి దిగుతున్నాడన్న సంగతి ఆలస్యంగా గ్రహిస్తారు. సినిమాల్లో సూర్యుడు నీళ్ళలోకి జారే దృశ్యాలు ఎక్కువగా పడమటి తీరానివి. ఆ మాండవి పడమరకు ప్రవహించి అరేబియా సముద్రంలో కలిసేది, అందుకే పనజీవాళ్ళకు ఆ సదుపాయం.

ఆంధ్రదేశంలో నీటి మీద అస్తమయం కావాలంటే నీరు మనకు పడమట ఉండాలి. ఈ లెక్కన రాజమహేంద్రవరం అదృష్టవంతురాలు. ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది, ఎదుట కొవ్వూరు. సూర్యుడు నదికి అవతల దిగుతుంటే 1900 నాటి హేవలాక్ వంతెన స్తంభాలన్నీ వెలుగుకు అడ్డంగా నల్లగా నిలుస్తాయి. విజయవాడలోనూ ఫరవాలేదు: కృష్ణ తూర్పుకు పారుతుంది కనుక బ్యారేజీ మీంచి ఎగువకు చూస్తే పని జరుగుతుంది. కొండకర్లలో గట్టు మీద నుంచుంటే దిక్కు చూసుకోవాలి గానీ, దోనె ఎక్కి నడిమికి పోతే ఆ బాధ లేదు. అన్ని దిక్కులా నీరే. ఈ ఒక్క విషయంలో తాటిదోనె ఎంప్రెస్ నౌకకు తీసిపోదు.

ఏ కొండ? మూలం చెప్పలేదు, చెప్పకపోవడమే సరి. సూర్యుడు ఏడాది పొడుగునా సరిగ్గా పడమట అస్తమించడు. మన అక్షాంశంలో జూన్‌లో పడమరకు ఉత్తరంగా 24 డిగ్రీలకు పైగా జరుగుతాడు, డిసెంబరులో దక్షిణంగా అంతే. ఆరునెలల్లో ఒక కొండ నుంచి ఇంకో కొండకు కాపురం మారుస్తాడు. వెళ్ళేవాళ్ళు డిసెంబరులో అయిదున్నరలోపే, జూన్‌లో ఆరున్నర దాటాక అస్తమయమని గుర్తుంచుకుంటే చాలు. పక్షులు కావాలంటే డిసెంబరే. పక్షులూ తీరికైన సాయంకాలమూ రెండూ కావాలంటే దొరకవు.

గుట్టుగ రవి నవ్వె: సూర్యుడు నవ్వడానికి ముగ్గురు వ్యాఖ్యాతలు మూడు కారణాలు చెప్పగలరు. ఒకటి, పంచాంగంలో రాసిన సమయానికి ముందే కొండ ఆయన్ను మింగేస్తుంది. గడియారం చూసుకుని వచ్చినవాళ్ళు మోసపోతారు. రెండు, సెల్లు. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. చేయి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే మాయమవుతుంది. సెల్లు కటకం విశాలంగా చూస్తుంది కనుక ఫొటోలో ఆ బింబం తెల్లటి చుక్కగా తేలుతుంది. కంటికి కుంకుమరంగు, ఫొటోలో ట్యూబులైటు. నవ్వడా?

మూడో కారణమే అసలైనదని మా అభిప్రాయం. బింబం కొండ వెనక్కి పోగానే "అయిపోయింది" అని అందరూ సెల్లులు దించి, తీసిన బొమ్మలు వెనక్కి జరుపుకుంటూ చూసుకుంటారు. కానీ అప్పటికి ఏదీ అయిపోలేదు. కొండ మన కంటికే అడ్డు, పైనున్న మేఘాలకు కాదు. ఏటవాలు కిరణాలు దట్టమైన గాలిపొరల్లో చాలా దూరం రావడంతో నీలిరంగు దారిలోనే చెదిరిపోతుంది, మిగిలిన ఎరుపు మేఘాల పొట్టల మీద పడుతుంది. మేఘాలు కుదిరిన రోజు బింబం మునిగాక పావుగంటకు ఆకాశం అసలు రంగు తీస్తుంది. ఆ పావుగంటలోనే దోనె గట్టుకు మళ్ళుతుంది. చీకటి పడేలోగా జనాన్ని దింపెయ్యాలి కదా. సూర్యాస్తమయ విహారం సూర్యాస్తమయం బాగుపడే వేళకు ముగుస్తుందన్నమాట. ఆలంకారికులు దీన్ని విరోధాభాసం అంటారు. గెడలవాడు "టైమైపోనాది" అంటాడు.

గెడలవాఁడు చూచెఁ గిమ్మనకయె: పద్యానికి కీలకం. జంటదోనెలో నిలబడే హక్కు ఉన్నది ఈయనొక్కడికే. వెనక కొసన నిలబడి, పొడుగాటి గెడ అడుగుకు దించి, దాని మీద బరువు వేసి నెడతాడు. ఆవలో లోతు తక్కువ, తెడ్డు కంటే గెడ మేలు.

'చూచె' అన్నాడు గానీ ఏమి చూశాడో కవి చెప్పలేదు. కర్మపదం లోపించింది. చాలామంది వ్యాఖ్యాతలు ఆశగా 'సంధ్యారాగమును' అని అధ్యాహారం చేస్తారు. పట్నపువాళ్ళు చూడని అందాన్ని పల్లెటూరి శ్రామికుడు చూశాడు, ఆయనే నిజమైన రసికుడు, కళ్ళు తడి చేసుకోండి అంటారు. ఈ రకం వ్యాఖ్య ఏసీ గదుల్లో పుడుతుంది. కోలాచలం మల్లినాథుడు మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు టీక రాశాడు. మెదక్ సీమవాడని చెప్పుకునే ఆ మహానుభావుడి ముందు మనం ఇలాంటి పని చేయరాదు.

సందర్భాన్ని బట్టి అర్థం చెప్పుకుందాం. ఎదురుగా గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోటుంది. దోనె అందులో దూరితే బయటికి లాగడం కష్టం. తామరతూళ్ళు గెడకు చుట్టుకుంటాయి. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకోవాలి. కుడిపక్క కూర్చున్న అన్నగారు ఫొటో కోసం పక్కకు వాలుతున్నాడు, ఆయన మీద కన్నుండాలి. గట్టు మీద ఇంకో బేరం వచ్చిందేమో, వెలుతురు మరో చుట్టుకు సరిపోతుందో లేదో లెక్క వేసుకోవాలి. కనుక 'చూచె' అంటే ఇవన్నీ చూచెను అని. 'కిమ్మనకయె' అంటే రసానుభూతిలో మౌనం కాదు. లెక్క పెట్టుకునేవాడు మాట్లాడడు.

మరి ఆకాశం? తలెత్తితే కనబడేదే. ఎత్తాడో లేదో మూలంలో లేదు కాబట్టి మేమూ చెప్పము.

తాత్పర్యం

రెండు తాటిదోనెలు కట్టిన కూర్పు ఆవ మధ్యకు వెళ్ళింది. ఎక్కినవాళ్ళు సెల్లులెత్తి బిగుసుకుపోయారు. సూర్యుడు కొండవెనక చేరి నవ్వుకున్నాడు. నడిపేవాడు నడపడానికి చూడవలసింది చూశాడు.

పద్యంలో దోనె ఛార్జీ ఊసు లేదేమని అడిగినవారికి సమాధానం: కవిత్వంలో పెట్టగలిగినది కాదది, గట్టు మీదే మాట్లాడుకోవలసింది. ఎక్కాక మాట్లాడితే బేరంలో గెడ ఉన్నవాడిదే పైచేయి.

గద్యము: ఇది శ్రీమదచ్యుతాపుర మండలాంతర్గత కొండకర్ల కాసారతీర సంచార సమయ సమాగత మశకదష్ట కరచరణుండును, వామపాదరక్ష నీటఁ బోఁగొట్టుకొన్నవాఁడును నగు టీకాకారునిచే రచియింపఁబడిన 'గెడదీపిక' యను వ్యాఖ్యయందు సర్వంబును నేకపద్యము.