రెండు బాణాల దారి

మేం దిగిన ఇంటి నడవాలో గోడకి పెద్ద మ్యాపు అంటించి ఉంది. బూట్లు కట్టుకుని లేచి, ఆ రోజు మేం సైకిళ్ళ మీద వెళ్ళాల్సిన దారిని వేలితో గీసుకుంటూ పోయాను. హానిస్టర్ అనే కనుమ దాటాక దారి మీద బాణం మొనలు జంటగా ఉన్నాయి, మేం వెళ్ళే వైపే చూపిస్తూ. వన్‌వే కాబోలు, ఎదురుగా బళ్ళు రావు, పిల్లకి మంచిదే అనుకున్నాను. కనుమకి ఇవతల అలాంటి బాణాలే మాకు ఎదురుగా తిరిగి ఉన్నాయి. వన్‌వే అయితే ఒకే దారిలో బాణాలు రెండు వైపులకీ ఎలా ఉంటాయని ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది. ఆలోచించలేదు. ఎవరినీ అడగలేదు. పదమూడేళ్ళ నా కూతురు నా పక్కనే నిలబడి హెల్మెట్ పెట్టుకుంటోంది.

ఆ ఊరు కెజిక్. ఇంగ్లండు ఉత్తరాన, డెర్వెంట్‌వాటర్ సరస్సు ఒడ్డున, కొండల మధ్య ఉన్న సంత ఊరు. మాంచెస్టర్‌లో మా ఇంటి నుంచి ఎం6 మీద నలభయ్యో జంక్షన్ దాకా పోయి, ఎడమకి తిరిగి ఏ66 పట్టుకుంటే చాలు. అక్కడ సంత పెట్టుకోడానికి 1276లో మొదటి ఎడ్వర్డ్ రాజు అనుమతి ఇచ్చాడు. ఇప్పటికీ గురువారం, శనివారం ఊరి నడివీధిలో సంత జరుగుతుంది. వీధి మధ్యలో 1813లో కట్టిన మూట్ హాల్ ఉంది. దాని గడియారానికి ఒకటే ముల్లు. మేం వెళ్ళింది శనివారమే. నా భార్య సంత చూస్తానంది. నేనూ పిల్లా సైకిళ్ళు తీశాం.

పిల్ల మనసులో వేరే దారి ఉంది. కెజిక్ నుంచి త్రెల్‌కెల్డ్ దాకా పాత రైలు మార్గాన్ని సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ బాట చేశారు. మూడు మైళ్ళు, అంటే ఐదు కిలోమీటర్లు. దాని గురించి చదివి, వంతెనలన్నీ లెక్కపెడతానని వారం రోజులుగా చెబుతోంది. "ఐదు కిలోమీటర్లకి ఇంత దూరం రావాలా తల్లీ? అది చిన్నపిల్లలు తొక్కే దారి" అన్నాను. దాని ముఖం చిన్నబోయింది. అయినా ఎదురు చెప్పలేదు.

నా ధీమాకి మూలం మా ఊళ్ళో ఉంది. నేను పుట్టింది కోనసీమలో, అంబాజీపేట పక్కన. రోజూ అమలాపురం కాలేజీకి సైకిలు మీదే వెళ్ళి వచ్చేవాణ్ణి. ఎండలో తొక్కాను, వానలో తొక్కాను, మోకాలి లోతు నీళ్ళలో నడిపించుకుని పోయాను. ఎదురుగాలి ఎంత కష్టమో నాకు తెలుసు. ఎత్తు మాత్రం తెలియదు. మా సీమలో ఎక్కుడు అంటే కాలవ వంతెనే. సీటు మీంచి లేచి నాలుగు తొక్కులు తొక్కితే వంతెన నడినెత్తికి చేరతాం. అటువైపు కాలు ఆడించకుండా దిగిపోతాం. మాంచెస్టర్ వచ్చాక కూడా నేను తొక్కింది కాలవగట్ల మీదే. అందుకే దారి అంటే నాకు దూరం ఒక్కటే. ఇరవై రెండు మైళ్ళ చుట్టు అని వినగానే, కాలేజీ రోజుల్లో రోజూ తొక్కేవాణ్ణి కదా, ఇదెంత అనిపించింది.

బయల్దేరుతుంటే మేం దిగిన ఇంటి పెద్దావిడ గుమ్మం దాకా వచ్చి, ఎటు వెళ్తున్నారని అడిగింది. హానిస్టర్ మీదుగా అని చెప్పాను. ఆవిడ మా ముఖాల కేసి కాకుండా సైకిళ్ళ కేసి చూసి, బ్రేకులు బాగున్నాయా అంది. బాగున్నాయన్నాను. పిల్ల సైకిలు బ్రేకులు వారం నుంచి కీచుమంటున్నాయి. రబ్బర్లు అరిగాయని నాకు తెలుసు. వచ్చాక మార్చుదాంలే అనుకుని తెచ్చాను. తెలిసీ నోటితో బాగున్నాయన్న ఆ మాటే ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపుతుంది.

మొదటి గంట హాయిగా గడిచింది. ఊళ్ళోంచి బీ5289 రోడ్డు సరస్సు తూర్పు ఒడ్డు వెంట సాగుతుంది. కుడి పక్క నీళ్ళు, ఎడమ పక్క చెట్లు, రాతి గోడలు. గ్రేంజ్ పల్లె దగ్గర ఏటి మీద రెండు కమానుల రాతి వంతెన చూసి పిల్ల ఆగి ఫొటో తీసుకుంది. ఆ పైన బారోడేల్ లోయ. సీటోలర్ అనే చిన్న పల్లె దాటగానే దారి ఉన్నట్టుండి గోడలా లేచింది. నాలుగు అడుగులు ముందుకి వేస్తే ఒక అడుగు పైకి లేచే వాలు. పది తొక్కులకి నా ఊపిరి అందలేదు. ఇద్దరం దిగి నడిపించుకుంటూ వెళ్ళాం. ఆ లోయ చివర ఉన్న సీత్‌వెయిట్, ఇంగ్లండులో మనుషులు కాపురముండే చోట్లలో అతి ఎక్కువ వాన పడే ఊరు. మమ్మల్నీ వాన పట్టుకుంది. 356 మీటర్ల ఎత్తున, పలకరాయి గని పక్కన, కనుమ నెత్తికి చేరేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. "వెనక్కి వెళ్దామా నాన్నా?" అంది. కష్టమైనదంతా అయిపోయింది, ఇక దిగుడే కదా అన్నాను. కాలవ వంతెన దిగుడే నా కళ్ళ ముందుంది.

కొండ దిగుడులో బ్రేకు పని వేరు. బటర్‌మియర్ వైపు రెండు వందల మీటర్లకి పైగా ఎత్తు దిగాలి. ఆ వేగాన్నంతా రిమ్ముని పట్టుకున్న నాలుగు రబ్బరు ముక్కలే మింగాలి. రిమ్ము తడిసి ఉంటే ముందు ఆ నీటిపొర తుడుచుకుపోవాలి, అప్పటికి గానీ రబ్బరు పట్టదు. అరిగిన రబ్బరైతే అప్పుడూ సరిగ్గా పట్టదు. ఇవన్నీ నేను తరవాత నేర్చుకున్నాను. పిల్ల నాకంటే ముందు దిగుతోంది. ఆ కొండల మీద దారికి కంచె ఉండదు. హెర్డ్‌విక్ అనే బూడిదరంగు గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. మలుపు దగ్గర ఒకటి లేచి నిలబడింది. "ఆగట్లేదు నాన్నా" అన్న కేక వినిపించింది. పిల్ల హ్యాండిల్ గడ్డి వైపు తిప్పింది. సైకిలు ఒకవైపు పడింది, తను రాళ్ళ పక్కన మరోవైపు పడింది. ఎదురుగా బళ్ళు రావని నేననుకున్న ఆ దారిలో, మరు నిమిషంలోనే ఒక వ్యాను ఎదురొచ్చింది. తను గడ్డి వైపు కాక రోడ్డు మధ్యకి తిప్పి ఉంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆ వ్యాను ఆయనే దిగి, మా సైకిళ్ళు వెనక వేసుకుని కెజిక్ దాకా తీసుకొచ్చాడు. కొండ మీద నుంచి ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. పిల్ల ఎడమ చేతి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. నాలుగు వారాలు కట్టు.

ఆ సాయంత్రం నడవాలో మ్యాపు ముందు చాలాసేపు నిలబడ్డాను. కింద మూలన గుర్తుల పట్టీ ఉంది. దారి మీద ఒక బాణం ఉంటే ఏడింట ఒకటి నుంచి ఐదింట ఒకటి దాకా వాలు. రెండు బాణాలుంటే ఐదింట ఒకటి కంటే నిటారు. మొన ఎప్పుడూ పల్లం వైపే ఉంటుంది. దారి చుట్టూ సన్నని గీతలు జుట్టులా చిక్కగా కలిసిపోయి ఉన్నాయి. ఒక్కో గీత పది మీటర్ల ఎత్తు. పొద్దున నా కళ్ళ ముందే ఇదంతా రాసి ఉంది. చదవాల్సిన అవసరం నాకు లేదనుకున్నాను.

మర్నాడు పిల్ల కోరిన దారికి నడిచి వెళ్ళాం. చిన్నపిల్లల దారి అని నేను తీసిపారేసిన ఆ బాట, పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి సుమారు 140 మైళ్ళు తొక్కేవాళ్ళ మార్గంలో భాగం. 1972లో రైళ్ళు ఆగిపోయాయి. 2015 డిసెంబరు తుఫానుకి గ్రేటా నది పొంగి రెండు వంతెనలు కొట్టుకుపోయాయి. ఐదేళ్ళకి 2020 డిసెంబరులో బాటని మళ్ళీ తెరిచారు. పెద్దరోడ్డు వేసేటప్పుడు మట్టితో పూడ్చేసిన సొరంగాన్ని కూడా తవ్వి వెలికి తీశారు. చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన మాకు ఎదురొచ్చి పలకరించాడు. పిల్ల కుడిచేత్తో వంతెనలు లెక్కపెట్టింది. సొరంగంలో నా చెయ్యి పట్టుకుంది. అక్కడ, "తప్పు నాది తల్లీ" అన్నాను. మా నాన్న నాతో ఎన్నడూ అనని మాట అది. నేనూ అప్పటిదాకా దానితో అనలేదు.

ఆ ఊరికి సైకిళ్ళతో వెళ్ళే మనవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. మొదటి రోజు రైలు బాట తొక్కండి. రెండో రోజు గ్రేంజ్ దాకా వెళ్ళి, ఆ రాతి వంతెన దాటి, క్యాట్‌బెల్స్ కొండ కింద నుంచి పోర్టిన్‌స్కేల్ మీదుగా తిరిగి రండి. సరస్సు చుట్టూ తిరిగినట్టవుతుంది, ఎక్కుడు రుచి కూడా కొద్దిగా తెలుస్తుంది. పసుపు బాణం గుర్తున్న కాలిబాటల మీద సైకిలు ఎక్కకండి, అవి నడిచేవాళ్ళవి. నీలి బాణం ఉన్నవాటి మీద తొక్కవచ్చు, కానీ నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారి ఇవ్వాలి. జేబులో వాన కోటు పెట్టుకోండి. బయల్దేరే ముందు బ్రేకు రబ్బర్లని వేలితో తడిమి చూడండి. హానిస్టర్ మీదుగా తొక్కేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళు వాలు చదివి, సైకిలు సిద్ధం చేసుకుని, ఒళ్ళు అలవాటు చేసుకుని వెళ్తారు. అన్నిటికంటే ముందు, మీ వెంట వచ్చే చిన్నవాళ్ళు ఏ దారి అడిగారో వినండి.

తిరిగి వచ్చే ముందు పిల్ల పెన్సిళ్ళ మ్యూజియం చూడాలంది. మేం వానలో ఎక్కిన దారికి దగ్గర్లోని ఆ సీత్‌వెయిట్ కొండల్లోనే గ్రాఫైట్ దొరికి, ఈ ఊళ్ళో పెన్సిళ్ళ పని మొదలైంది. అక్కడ ఒక పెన్సిలు, బజార్లో ఒక మ్యాపు కొనుక్కుంది. ఆ రాత్రి కట్టున్న చెయ్యి మ్యాపు మీద బరువుగా ఆనించి, తను పడిన చోట చిన్న సున్న చుట్టింది. ఇప్పుడు ఎక్కడికి బయల్దేరినా ఆ పెన్సిలు తెచ్చి నా చేతికిస్తుంది. "బాణాలు చూశావా నాన్నా?" అంటుంది. ఇద్దరం కూర్చుని చూస్తాం.