అమ్మా, భూతద్దం తెచ్చుకున్నావా?

తల్లులు అన్నీ తెలుసుకుని, ఆలోచించి పిల్లలకు పెట్టాలట. ప్రతి వేదిక మీదా ఇదే పాట. మంచిదే. తెలుసుకోనిస్తే కదా!

పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయని అమ్మ మందుల షాపుకు పరిగెత్తి ఓఆర్‌ఎస్ అడిగితే, ఓఆర్‌ఎస్ అనే పేరు తగిలించుకున్న పళ్ల బొమ్మల డబ్బా చేతిలో పెట్టేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు. ఆ డబ్బాల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. అది తాగిస్తే విరేచనాలు కట్టవు సరికదా, ఇంకా ముదురుతాయి.

2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ 'ఆ పేరు వాడొద్దు' అంది. జులైకల్లా మెత్తబడి, 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు' అని ఓ ముక్క రాసి అమ్ముకోమంది. పేరేమో ఏనుగంత, 'కాదు' చీమంత. అదీ ఇంగ్లిషులో! హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే గానీ 2025 అక్టోబరులో ఆ పేరు తీసేయమనే ఆదేశం రాలేదు. ఆశా కార్యకర్త ఊరికే ఇచ్చే అసలు పొట్లానికి మాత్రం పాపం ప్రకటనలూ లేవు, సినిమా తారలూ లేరు.

ఇక మిగతా ప్యాకెట్ల సంగతి. చక్కెర ఎక్కువుంటే ముందువైపు హెచ్చరిక వేయండంటే, ఆ సంస్థే 2022 ముసాయిదాలో నక్షత్రాలతో రేటింగు ఇస్తామంది. చిప్సుకు కూడా! నక్షత్రాలెందుకు సార్, ఈ డబ్బాలో చక్కెర ఎన్ని చెంచాలో తెలుగులో రాయండి చాలు.