మా ఊళ్లో చూడనీకేముంది?

బీదర్‌లో ఉంటున్నందుకు హైదరాబాదు చుట్టాలందరికీ మేమంటే జాలి. మొన్న మా బావ కారు దిగీదిగకుండానే అడిగాడు: "మీ ఊళ్లో చూడనీకేముంది?"

మాటలెందుకని మహమూద్ గవాన్ మదరసాకు తీసుకెళ్లా. 1472లో కట్టారు. ఔరంగజేబు హయాంలో, 1696లో, లోపల మందుగుండు పేలి ముందుభాగం కూలింది, ఓ మినారు పోయింది. "మిగతా సగమేది?" అని నిలదీశాడు, పేల్చింది నేనే అన్నట్టు.

అష్టూరులో బహమనీ సుల్తానుల గోరీలు చూపించా. క్రూరుడని పేరుపడ్డ హుమాయూన్ గోరీకి పిడుగు తగిలి గుమ్మటం సగమే నిలిచింది. "పిడుగుకు అడ్రసు బాగానే దొరికింది," అన్నాడు.

అయిదు శతాబ్దాల క్రితం అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు గుర్రం అమ్ముకుందామని ఇటొచ్చి, దాని మేతకే చేతి చమురు వదిలించుకున్నాడు. సుల్తాను కోటకు ఏడు ద్వారాలనీ, ఒక్కోచోట వందమంది కావలివాళ్లు, వచ్చేపోయేవాళ్ల లెక్క రాసే గుమాస్తాలు ఇంకో వందమంది ఉంటారనీ, పరదేశులను రానివ్వరనీ రాసుకున్నాడు. ఇప్పుడు మేకలు కూడా దర్జాగా వెళ్తున్నాయి, రాసుకునే నాథుడు లేడు.

బిద్రీ పనివాడి దగ్గర బావ కాస్త మెత్తబడ్డాడు. జింకు, రాగి కలిపి పోసిన కూజా మీద ఉలితో గీతలు చెక్కి, వాటిలో వెండి తీగ కొట్టి కూర్చాడాయన. కోటమట్టి చిటికెడు నాలుక మీద వేసుకుని పనికొస్తుందో లేదో తేల్చాడు. ఆ మట్టీ నవాసాగరమూ కలిపిన నీళ్లతో రుద్దితే లోహం నల్లబడింది, వెండి తెల్లగానే మెరిసింది. "మా ఇంట్ల కూరను కూడా ఇంత శ్రద్ధగ రుచి చూడరు!"

ఝరణీ నరసింహస్వామి గుహలో రొమ్ములోతు నీళ్లు, నెత్తిన గబ్బిలాలు. అక్కడ మనిషే సగం కనిపిస్తాడు. ఎదురొచ్చేవాళ్లకు దారివ్వడానికి బావ పొట్ట బిగబట్టి స్వామిని తలచినన్నిసార్లు పెళ్లిపీటల మీద కూడా తలచి ఉండడు.

తడిబట్టలు మార్చుకుని, ఆకలితో నానక్ ఝీరా గురుద్వారాలో లంగరు పంక్తిలో కూర్చున్నాం. వేడి రొట్టెలు తెచ్చిన సర్దార్‌జీతో బావ మొహమాటంగా "సగం చాలు" అన్నాడు. ఆయన నవ్వి రెండు వేశాడు. మా ఊళ్లో సగాలు లేని చోటు అదొక్కటే.