మోంపర్నాస్ మేడకు టీకా తాత్పర్యం

అవతారిక: పారిస్ వాసులు ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న పరిహాసాన్ని కవి ఆటవెలదిలో బిగిస్తున్నాడు.

పారి నగరి నడుమ భారమై నిలిచిన
నల్ల మేడఁ జూడ నొల్ల మండ్రు;
దాని పైకి నెక్కి దర్శించు వారికి
దాని పాడు రూపు దాగిపోవు.

ప్రతిపదార్థం: పారి నగరి నడుమ = పారిస్ పట్టణంలో (సకారం ఛందస్సుకు బలి కాలేదు, అక్కడివాళ్లూ పలకరు); భారమై = బరువై; నిలిచిన = 1973 నుంచి కదలకున్న; నల్ల మేడన్ = 59 అంతస్తుల, 210 మీటర్ల మోంపర్నాస్ టవరును; చూడన్ ఒల్లము అండ్రు = చూడలేం బాబూ అంటారు; దాని పైకిన్ ఎక్కి = 38 సెకన్ల లిఫ్టులో 56వ అంతస్తు చేరి; దర్శించు వారికి = టిక్కెట్టు కొన్నవారికి; దాని పాడు రూపు = ఆ మేడ వికారం; దాగిపోవు = కనబడదు, తామే అందులో ఉన్నారు గనుక.

విశేషాలు: 'భారమై' అన్నచోట ఆగాలి. ఎవరికి భారం? మొదట కంటికి. ఈ మేడ లేచిన నాలుగేళ్లకే, 1977లో, నగరంలో ఎత్తుకు 37 మీటర్ల హద్దు గీశారు. 2010 తర్వాత కాస్త సడలించి, 2023లో మళ్లీ అదే గీత గీశారు. ఒక్కడు చేసిన తప్పుకు తరగతి మొత్తాన్ని కూర్చోబెట్టినట్టయింది.

తరువాత సొంతదారులకు. మేడలో ఆస్‌బెస్టాస్ బయటపడింది, దాన్ని తొలగించడానికే ఏళ్లు పట్టింది. పెద్ద కంపెనీల చూపు పడమటనున్న వ్యాపార కేంద్రం లా దెఫాన్స్ వైపు మళ్లింది. మేడ పునరుద్ధరణకు పెట్టిన 2017 పోటీలో గెలిచిన వాస్తుశిల్పుల బృందం పారదర్శకమైన అద్దాలు, మొక్కలు, శిఖరాన హరితగృహం చూపింది. 2024 ఒలింపిక్స్ నాటికి ముస్తాబు చేద్దామనుకున్నారు. ఒలింపిక్స్ వచ్చి వెళ్లాయి, మేడ పాత బట్టల్లోనే ఉండిపోయింది. కారణం? మేడకు యజమాని ఒకడు కాదు, చాలామంది. ప్రతి ఖర్చుకూ ఓటింగే. అపార్టుమెంటు సంఘం మీటింగులో ఒక్కసారి కూర్చున్నవారికి ఇక్కడ వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

అలంకారం: పైనుంచి కనబడే దృశ్యాన్ని పొగుడుతున్నట్టే మేడను తిట్టడం వల్ల వ్యాజనింద. ఇలాంటి మాటే ఐఫెల్ టవరు మీద ఫ్రెంచి రచయిత మోపాసా అన్నాడని ప్రతీతి. ఆ టవరు ఇవాళ నగరానికే ముద్ర అయింది గదా, దీనికీ ఆ యోగం పడుతుందని కొందరి ఆశ. పడదు. ఐఫెల్ టవరుకు ఆఫీసు గదులు అద్దెకిచ్చుకునే అగత్యం లేదు.

తాత్పర్యం: అందంగా లేదని దీన్ని కూల్చరు, అందంగా ఉందని ఉంచరు. కూల్చితే ఆ జాగాలో 37 మీటర్లకు మించి లేవనివ్వరు. 210 మీటర్లు చేతిలో ఉన్నవాడు వాటిని వదులుకోడు. మేడను అసహ్యించుకున్నవాళ్లు పెట్టిన నిబంధనే దానికి కాపలా కాస్తోంది. అద్దాలు మారుస్తారు, అద్దెలు పెంచుతారు. మేడ ఉంటుంది.